గాజుకంటికి కుంకుమ

ఓబులేసూ,

నువ్వు పోయి ఏడాది దాటింది. ఈ రోజు ఆయుధపూజకు ప్రొద్దుటూరు నూనెమిల్లు వాళ్ళు నన్ను పిలిచారు.

చక్రం తిరగడంలో తేడా వస్తే గంట మోగేలా నువ్వు చేసిన పెట్టెకు బంతిపూల దండ వేశారు. చక్రం మీది తెల్లగీత ఎంతసేపటికొకసారి వస్తోందో చూసే దాని గాజుకంటికి రూపాయంత కుంకుమ పెట్టారు. పోయినేటి బొట్టు మీదే కొత్తది అద్దారు.

“కంట్లో పెడితే అదెట్ల చూస్తాదప్పా?” అని ఫిట్టరును అడిగాను.

“దేవునికి బొట్టు పెట్టకుంటే ఎట్లక్కా? పోయినేడు పెట్టినప్పుడు ఒకటే మోత. అందుకే గంట వైరు కత్తిరించినాం.”

చక్రం పక్కన రోజూ నిలబడే మస్తాను నవ్వాడు. “బేరింగు కాలిన వాసనొస్తే ఉరుకుతాండానక్కా. నా ముక్కుకు గూడా ఒక బొట్టు పెట్టమను.”

చక్రం ఊడితే మొదట పోయేది అతనే. ఏ పూజా తప్పనిదాన్ని, అయినా ఆగలేకపోయాను. కొంగుతో ఆ బొట్టు తుడిచేశాను. ఎవరో “అపచారం” అన్నారు. ఏది అపచారమో వాళ్ళకు తెలియదు. గంట వైరు మళ్ళీ కలపమన్నాను.

“వైరు సంగతి రేపు చూస్తాంలేమ్మా,” అన్నాడు యజమాని.

నేను హారతి కళ్ళకద్దుకోలేదు. పూజ కాగానే చక్రం తిప్పడం వాళ్ళ ఆచారం. నేను పోయి దాని పక్కనే, మస్తాను నిలబడే చోట కూర్చున్నాను. పెద్దదాన్ని, లెమ్మనలేక గొణుక్కుంటూ వైరు కలిపారు.

ఆగి ఉన్న చక్రాన్ని చూసి నీ పెట్టె గంట మోగించింది. అప్పుడు లేచి మస్తానుకు దారి ఇచ్చాను.

మీ పెద్దక్క