ఆగితే ఫోన్

మార్చి 3, ఆదివారం

అన్న నా ఫోన్‌లో లైవ్ లొకేషన్ ఆన్ చేశాడు. ఇంటి గ్రూపులో ఇప్పుడు నేనొక నీలం చుక్కని. అన్న, వదిన, అమ్మ, ఎక్కడో వేరే ఊళ్లో ఉండే బాబాయి, నేను సైకిలెక్కితే చాలు, అందరూ పొద్దున్నే కాఫీ కప్పులు పట్టుకుని నా చుక్కని చూస్తూ కూర్చుంటారు. క్రికెట్ లేని ఆదివారమైతే మరీను.

వాళ్ల భయం నాకు అర్థం కాక కాదు. పదకొండో ఏట నుంచి ఇన్సులిన్ పొడుచుకుంటున్నాను. సైకిల్ తొక్కితే షుగర్ పడిపోతుంది. అందుకే మధ్యమధ్యలో ఆగాలి. వేలు గుచ్చి చూసుకోవాలి. తగ్గితే గ్లూకోజ్ బిళ్లలు నమిలి, పైన నాలుగు బిస్కెట్లు తినాలి. డాక్టరమ్మ చెప్పింది కూడా అదే. ఒక్కదానివే వెళ్లు, కానీ ఎక్కడున్నావో ఇంట్లో తెలియాలి, ఆగాల్సినప్పుడు ఆగు అంది.

ఆగితే ఏమవుతోంది? ఫోన్ మోగుతోంది! వేలి చివర రక్తం, ఒళ్లో మీటరు, నోట్లో బిస్కెట్టు. అన్న ఏమైంది, ఎందుకాగావ్ అంటాడు. పెట్టెయ్యగానే వదిన. వదిన అయ్యాక అమ్మ. బాబాయైతే అక్కడ ఆగావేంటమ్మా, అది మంచి ఏరియా కాదే అన్నాడు. ఆయన ఈ ఊళ్లో కాలు పెట్టి ఎన్నేళ్లయిందో.

మార్చి 5, మంగళవారం

పగలంతా షాపులో కళ్లద్దాలు గ్రైండ్ చేస్తాను. చెయ్యి కాస్త వణికినా అద్దం గోవిందా. ఆ పని ఒంటరిగా చెయ్యొచ్చట. సైకిల్ మాత్రం ఒంటరిగా తొక్కకూడదట.

ఇవాళ అన్న తీర్పు చెప్పేశాడు. వచ్చే ఆదివారాల్లో ఊరికే అక్కడా ఇక్కడా ఆగి మా గుండెలు ఆపావంటే సైకిల్ అమ్మేసి, గదిలో తొక్కుకునే సైకిల్ కొనిస్తానన్నాడు. ఎంత తొక్కినా కిటికీ దాకా కూడా పోని సైకిల్! నాకు ముప్ఫై దాటాయి. ఒళ్లు మండిపోయింది. అన్నం తినకుండా లేద్దామనుకున్నాను కానీ, ఇన్సులిన్ వేసుకున్నాక అలిగే సౌకర్యం కూడా లేదు నాకు. తిన్నాను.

మార్చి 10, ఆదివారం

ఒక్కచోటే ఆగాను. మీటరు తియ్యలేదు. రెండు బిస్కెట్లు గబగబా మింగి బయల్దేరాను. ఫోన్ మోగలేదు. అన్న గ్రూపులో బొటనవేలు పెట్టాడు. వదిన ఇవాళ భలే హుషారుగా తొక్కావే అంది.

చుక్క కదిలితే క్షేమం, ఆగితే ప్రమాదం. ఇదీ మా ఇంటి వైద్యం.

మార్చి 17, ఆదివారం, సాయంత్రం

ఆసుపత్రి. కుడిచేతికి సెలైన్ సూది. ఎడమచేత్తో రాస్తుంటే అక్షరాలు కోడి గెలికినట్టున్నాయి. అయినా రాయకపోతే కడుపు ఉబ్బి చచ్చేలా ఉన్నాను.

ఫ్లైఓవర్ పక్క రోడ్డులో చెమట పట్టింది. కాళ్లు తేలిపోతున్నాయి. అది షుగర్ పడిపోవడమని నాకు తెలుసు. ఆగుదామనుకున్నాను. ఆగితే ఫోన్. తర్వాతి సిగ్నల్ దగ్గర చూద్దాంలే అనుకున్నాను. ఆ తర్వాత నాకేమీ గుర్తు లేదు.

మిగతాది మ్యాపులో చూశాను. ఒకే పార్కు చుట్టూ గానుగెద్దులా తిరిగాను. తర్వాత జన్మలో వెళ్లని రోడ్డెక్కి ఊరి బయటికి పోయాను. ఒక్కరు! ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు. చుక్క కదులుతోంది కదా మరి.

వాటర్ క్యాన్లు వేసే వ్యాన్‌కి ఎదురుగా పడ్డానట. డ్రైవరు బ్రేకేసి, నన్నూ సైకిల్నీ క్యాన్ల మధ్య పడేసి, ఆసుపత్రికి లాగించాడు. సరిగ్గా అప్పుడు గ్రూపులో బాబాయి అబ్బో, ఏం స్పీడు అని పెట్టాడు. అన్న శభాష్ చిట్టీ, ఇవాళ ఎక్కడా ఆగలేదు అని పెట్టాడు. అమ్మ చప్పట్లు పెట్టింది. నేను ఒంటి మీద తెలివి లేకుండా నీళ్ల క్యాన్ల మధ్య దొర్లుతుంటే మావాళ్లు చప్పట్లు కొడుతున్నారు!

చుక్క ఆసుపత్రి దగ్గర ఆగింది. అప్పుడు మోగింది ఫోన్. నర్సు ఎత్తింది.

కళ్లు తెరిచేసరికి డ్రైవరు ఇంకా అక్కడే ఉన్నాడు. చూస్తే చదువుకున్నదానిలా ఉన్నావు, పొద్దున్నే ఈ తాగుడేంటమ్మా అన్నాడు. తాగుడు కాదయ్యా, షుగర్ అని నర్సు చెప్పింది. ప్రాణం కాపాడినవాణ్ణి తిట్టలేను కదా. దండం పెట్టాను.

మార్చి 18, సోమవారం

ఇంటికొచ్చాను. సైకిల్ అమ్మేస్తున్నానని అన్న ఏడుస్తూ చెప్పాడు. ఏడుపు చూసి జాలిపడలేదు నేను. నన్ను పడేసింది సైకిల్ కాదు, నీ ఫోన్ అన్నాను. బతకడానికి ఆగుతుంటే ఆగనిచ్చారా మీరు అని అరిచాను. చప్పట్లు కొట్టిన చేతులు చూపించండి అని కూడా అన్నాను. అన్న మీద ఆ నోరేంటే అని అమ్మ గసిరింది. అన్న మాటకి ఎన్నడూ అడ్డుచెప్పని వదిన, అది చెప్పేది నిజమేనండీ, అంది.



మార్చి 20, బుధవారం

సైకిల్ అమ్మడం మానేశారు. కొత్త రూలు. నేను చెప్పాను, వదిన గ్రూపులో టైప్ చేసింది. నేను ఆగితే ఎవరూ ఫోన్ చెయ్యొద్దు. తింటున్నానని అర్థం. అరగంట దాటినా ఆగకుండా పోతుంటే అప్పుడు చెయ్యండి. ఆగినచోటే పావుగంట దాటినా ఉండిపోతే కూడా చెయ్యండి, ఎత్తకపోతే వచ్చెయ్యండి. హెల్మెట్ మీద నాకు షుగర్ ఉంది, తాగలేదు అని స్టిక్కర్ కూడా అంటించింది వదిన. తాగలేదు అన్నది తన సొంత కవిత్వం.

ఆగితే మంచిదేంటమ్మా, అంతా తిరకాసుగా ఉందే అని బాబాయి గొణిగాడు.

ఇంకో షరతు పెట్టాను. అన్న చుక్క కూడా గ్రూపులో ఉండాలి. లిఫ్టుల మెకానిక్కు, ఊరంతా తిరుగుతాడు. నాకేం జబ్బు లేదు కదే అన్నాడు. పదో అంతస్తులో తాళ్లు పట్టుకుని వేలాడేవాడికి జబ్బెందుకు అన్నాను. ఫోన్ తీసి ఆన్ చేశాడు.

మార్చి 31, ఆదివారం

డాక్టరమ్మ సరేనంది. వెళ్లాను. రెండుచోట్ల ఆగాను. ఫోన్ మోగలేదు.

ఏప్రిల్ 2, మంగళవారం, షాపు

అన్న చుక్క ఏదో పాత బిల్డింగు దగ్గర ఆగింది. భోజనం చేస్తున్నాడేమో. నాకెందుకు?

ఇంకా కదల్లేదు.

చేశాను. రెండోసారికి ఎత్తాడు. వెనక లిఫ్టు మోత. చెప్పు చిట్టీ అన్నాడు.

ఏం లేదన్నా, చెయ్యి తగిలి కాల్ వెళ్లింది అన్నాను.