నిమ్మచెట్టు దగ్గర మలుపు తిరిగిన గోడ

ఇందుమూలముగా, పత్రా పట్నమందు చిన్నకూతురి ఇంట అలిగి కూర్చున్న శ్రీమతి దియమాందో గారికి తెలియజేయునది ఏమనగా: కుంటికోడి మళ్ళీ గుడ్డు పెట్టినది. కొట్టుగది తలుపు యథాప్రకారం కిర్రుమనుచున్నది. అల్లుడు లాంబ్రోస్ గురకలో ఎట్టి మార్పూ లేదు. కావున ప్రజలు ఆందోళన చెందనక్కరలేదు.

అమ్మా, నీ చెయ్యి కళ్ళకద్దుకుని రాస్తున్నాను. మేమంతా క్షేమం. నీ మోకాలు, నిన్ను భరిస్తున్న చెల్లెలు అస్పాసియా ఓర్పు కూడా క్షేమమే అనుకుంటాను.

ముందు నువ్వడిగినదానికి జవాబు. ఇల్లు ఉంది. అస్పాసియా, ఈ ముక్క అమ్మకు రెండుసార్లు చదివి వినిపించు. ఇల్లు ఉంది, ఇక ఎవరూ తీసుకోరు.

తవ్వకాల ప్రొఫెసర్ వెనేరిస్ గారు ఏమన్నారో నీకు తెలుసు. పాత నగరపు రచ్చబండ చుట్టూ కట్టిన స్తంభాల వసారా తిన్నగా మన వాకిట్లోకి వస్తోందనీ, ఇంటి కిందికి పోతే ప్రభుత్వం ఇల్లు తీసుకుని పడగొడుతుందనీ. మన వాకిట్లో ఎర్ర మేకులు కూడా పాతించారు. మొన్న గోడ పునాది నిమ్మచెట్టు దాకా వచ్చేసింది. ఊరంతా గొయ్యి గట్టున చేరింది. కూలికి దిగిన లాంబ్రోస్ మట్టి తీస్తుంటే నేను పైనుంచి, "మెల్లగా తవ్వవయ్యా, మా అమ్మ ఇల్లది, మీ అమ్మది కాదు!" అని అరుస్తూనే ఉన్నాను. ఉన్నట్టుండి ఆయన పలుగు ఆపాడు.

"అయ్యా, రాయి మలుపు తిరిగింది!"

ప్రొఫెసర్ మోకాళ్ళ మీద కూర్చుని కుంచెతో దుమ్ము దులిపారు. నిజమే, గోడ చెట్టు ముందే చక్కగా మూల తిరిగి చర్చి వైపు వెళ్ళిపోయింది. అంతటితో వసారా సరి. జనం ఒకటే చప్పట్లు.

"నాకు ఇంకో నాలుగు స్తంభాలు దొరుకుతాయనుకున్నాను. అవి లేవంటే మీరు చప్పట్లు కొడుతున్నారా?" అన్నారాయన.

"ఏం చేస్తాం బాబూ! కట్టేటప్పుడే మీ పెద్దలు మా అమ్మ నోటికి జడిసి గోడ పక్కకు తిప్పేశారు" అన్నాను. పాపం, ఆయనా నవ్వారు. ఎర్ర మేకులు ఆయనే పీకించారు. ఒకటి నేను దాచి, దానికి మేకను కట్టేస్తున్నాను.

ఊళ్ళో ఇంకా నవ్వుతున్నారా అని అడిగావు. నవ్వరూ మరి! ఆనాడు ప్రొఫెసర్ మన గుమ్మంలో టోపీ తీసి, "అమ్మా, మీ ఇంటి కింద అగొరా ఉంది" అన్నారు. ఆయన చెప్పింది పాతకాలపు రచ్చబండ గురించి, నువ్వు విన్నది కొనుగోలు. రెంటికీ మన గ్రీకువాళ్ళు ఒకటే మాట పెడితే తప్పు నీదా? కానీ, "కిందదైనా పైదైనా ధర ఒకటే నాయనా, మేక మాత్రం విడిగా" అని బేరం మొదలుపెట్టి, చేతిలో చెయ్యి వేసి, సీమబత్తాయంత కళ్ళతో ఆయన చూస్తుంటే ఊజో సారా కూడా పోశావు చూడూ, అక్కడే మన పరువు నిజంగా రచ్చకెక్కింది. ఇప్పుడు కాఫీ కొట్టులో ఆ మాట ఎవరైనా ఎత్తితే ప్రొఫెసరే, "ఆవిడ ఒప్పుకున్న బేరం నేనే తప్పాను" అంటున్నారు. కాబట్టి తలెత్తుకునే రావచ్చు.

ఇంకో సంగతి. కోప్పడకు. తవ్వేవాళ్ళకు రొట్టె కావాలంటే, నీ రొట్టెల పొయ్యి పోలిక్సేనికి ఇచ్చాను. అవును, రొట్టెల్లో నీతో పోటీపడే ఆ పోలిక్సేనికే. వాకిలంతా కమ్మటి వాసన. ప్రొఫెసర్ రెండు ముక్కలు అడిగి తిన్నారు. ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "దియమాందో పొయ్యికేం, బంగారం! లోపమంతా చేతిలోనే ఉండేది" అంది. నేనూ ఒక ముక్క తీసుకుని తిన్నాను.

ఇదిగో, ఇక్కడి దాకా అస్పాసియా చదివేసరికి నువ్వు మూట కట్టేసి ఉంటావు. కట్టుకో, విప్పకు. కానీ బస్సు దిగీదిగగానే రొట్టెల పార పట్టుకుని పోలిక్సేని గుమ్మం మీదికి వెళతావన్న భయంతో చెబుతున్నాను: ఆవిడ నీ పొయ్యి తాకలేదు. రొట్టె లేదు, వాసన లేదు, ఆ మాటా లేదు. అంతా నేనల్లిందే. ఇల్లు నిలిచిందని మాత్రమే రాస్తే, "సరేలే" అని అక్కడే కూర్చుంటావని అల్లాను. నువ్వు వెళ్ళిననాటి బూడిదే పొయ్యిలో ఇంకా ఉంది. ఊరంతా కొట్టురొట్టె నములుతూ నీ పేరు తలుచుకుంటోంది, పోలిక్సేనితో సహా.

ఇట్లు,
నీ నోరే పుణికిపుచ్చుకున్న పెద్దకూతురు
గరుఫల్యా