కెప్టెన్ నూకరత్నం సర్టిఫికెట్‌లో పదకొండు రోజులు

ఉప్పాడ,
18 జనవరి 2025.

జిల్లా సైనిక సంక్షేమ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా కుమార్తె కెప్టెన్ ఓలేటి నూకరత్నం, ఆర్మీ డాక్టరు, పీజీ చదువును సర్వీసు సీనియారిటీలో కలిపించుట గురించి.

1. నేను ఉప్పాడ మత్స్యకార కుటుంబీకుడను. ఆర్మీ ఆసుపత్రులలో నర్సింగ్ అసిస్టెంటుగా ఇరవై రెండు సంవత్సరములు పనిచేసి, హవల్దారుగా రిటైరయినాను. మా కుటుంబములో డాక్టరు చదివినది నూకరత్నం ఒక్కతే.

2. ఆమె ఎంబీబీఎస్ తరువాత మూడేళ్ళు మత్తు వైద్యములో పీజీ చేసినది. 2022 జూన్ 14న ఫలితము వచ్చినది. జూలై 1న సైన్యములో కెప్టెనుగా చేరినది. చేరేనాటికి పీజీ పూర్తయినవారికి కొంత కాలము సీనియారిటీ కలుపుతారు, మేజర్ హోదా త్వరగా వస్తుంది. అయితే కాలేజీ గుమస్తా ఆమె సర్టిఫికెట్‌లో ‘కోర్సు పూర్తయిన తేదీ’ అన్నచోట, దానిపై సంతకము చేయించిన తేదీని, అనగా జూలై 12ను వేసినాడు. చేరిన పదకొండు రోజులకు చదువు పూర్తయినట్లు కాగితము చెప్పుటచే, మూడేళ్ళ చదువు లెక్కకు రాలేదు.

3. సవరణ కొరకు నేను మూడు పర్యాయములు కాలేజీకి వెళ్ళినాను. “అది యూనివర్సిటీ నుంచి రావాలండి” అని ఒకసారి, “సెక్షన్ ఆయన లీవులో ఉన్నారండి” అని రెండుసార్లు పంపివేసినారు. నూకరత్నమే, “భుజం మీద ఏ ర్యాంకు గుర్తుంటే ఏంటి నాన్నా, వదిలెయ్” అన్నది. వదిలేశాను. అది నా తప్పు.

4. గత నవంబరులో ఆమె కొండ ప్రాంతములో ఒక చిన్న ఆర్మీ ఆసుపత్రిలో ఉన్నది. అక్కడ డాక్టర్లు ఇద్దరే. రెండవవారు ఆమెతో ఒకే రోజు సైన్యములో చేరినవారు, చర్మవ్యాధుల పీజీ. వారి చదువు లెక్కకు వచ్చినందున అప్పటికే మేజరు అయినారు. ఆసుపత్రి వారి చేతిలో ఉన్నది.

ఒక మధ్యాహ్నము లారీ లోయలోకి జారి, డ్రైవరును తెచ్చినారు. ఇరవై ఆరేళ్ళ మనిషి. దవడ విరిగి, మెడ వాచిపోతున్నది.

“సార్, గొంతు మూసుకుపోకముందే ట్యూబ్ వేసేస్తాను” అన్నది మా అమ్మాయి. ఊపిరి ఆడుటకు గొంతులో ట్యూబు వేయుట మత్తు డాక్టర్లకు రోజూ ఉండే పని.

“హెలికాప్టర్ వస్తోంది. ఇక్కడ మనం చెయ్యి పెడితే ఏదైనా అయితే ఎవరు జవాబు చెబుతారు? ఆగండి కెప్టెన్.”

కాసేపటికి మళ్ళీ అడిగినది. మళ్ళీ అదే జవాబు. నలభై నిమిషాలు అతని పక్కనే నిలబడి ఉన్నది. మంచు కమ్మి హెలికాప్టరు దిగలేక వెనుకకు పోయినది. అప్పుడు వెయ్యమన్నారు. ట్యూబు దిగలేదు. మెడ దగ్గర కోసి దారి చేసినది. గాలి ఆడింది గానీ గుండె అప్పటికే ఆగిపోయింది.

5. డ్రైవరు మరణముపై సైన్యము వారు విచారణ వేసినారు. అమ్మాయి సెలవు పెట్టి ఇంటికి వచ్చి పన్నెండు రోజులైనది. నా భార్య అచ్చాయమ్మ కంచం పెడితే దాని ముందు కూర్చుంటుంది, లేచిపోతుంది. ఉద్యోగము వదిలేస్తానని కాగితము రాసిపెట్టుకున్నది.

అయ్యా, ఇది అర్జీలో రాయవలసిన సంగతి కాదు. ఆమె సైన్యములో చేరడానికి వెళ్ళేటప్పుడు సామర్లకోట స్టేషనులో నేనే చెప్పాను: “అమ్మా, పై ర్యాంకు వాళ్ళు ఒకసారి వద్దన్నాక మళ్ళీ నోరెత్తకు. నేను అలాగే బతికాను.” తను రెండోసారి నోరెత్తింది. మూడోసారి ఎత్తలేదు. ఆ మూడోసారి ఎందుకు ఎత్తలేదో నేను అడగలేదు. అడిగే ధైర్యం నాకు లేదు.

6. కావున తమరు కాలేజీకి లేఖ వ్రాసి, ఫలితము వచ్చిన తేదీనే కోర్సు పూర్తయిన తేదీగా సరిచేయించి, ఆ కాగితమును సైన్యము వారికి పంపించవలెనని ప్రార్థన. ఫలితాల పత్రము, సర్టిఫికెట్ నకళ్ళు జతపరచినాను.

ఒక తండ్రి అధికప్రసంగమును మన్నించి, పై సంగతులు చిత్తగించవలెనని వేడుకొనుచు,

తమ విధేయుడు,
ఓలేటి బుల్లియ్య,
మాజీ హవల్దారు.

మరొక మాట: కవరు అంటించబోతుంటే రత్నం అడిగి తీసుకొని చదివింది. కోప్పడుతుందనుకున్నాను.

“తేదీ సంగతి రాశావు, మంచిదే. పంపించు. రేపు ఇంకొకరికి ఇలా కాకూడదు” అంది. కాగితం నా చేతికిచ్చి, “కానీ నాన్నా, మేజర్ సార్‌కి భయమేసింది. ఆ పని ఆయనకి రాదు. నాకు వచ్చు. వచ్చీ ఆగాను. విచారణలో ఇదే చెబుతాను” అంది.

“నా మాట వల్లేనామ్మా?” అన్నాను.

నా పక్కన వచ్చి కూర్చుంది. తర్వాత ఆ డ్రైవరు భార్యకు ఫోను చేసింది. “చివరిదాకా ఆయన దగ్గరున్న డాక్టర్నండి” అని హిందీలో మొదలుపెట్టి, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఇంకా మాట్లాడుతూనే ఉందండి. నేను తలుపు బయట నిలబడి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.