చేయూత గది మూయించాలని లెక్కల మాస్టారి మనవి

విద్యాధికారి గారి సముఖమునకు, ఉన్నత పాఠశాల లెక్కల ఉపాధ్యాయుడు వ్రాసుకొన్నది.

అయ్యా,

విషయం: మా పాఠశాలలో "చేయూత" పేరిట నడుచుచున్న గదిని మూసివేయుట, లేనియెడల సదరు గదిలో బోధించు మేడంను వేరొక పాఠశాలకు పంపుట గురించి.

తమకు మనవి చేయునది ఏమనగా, చదువులో వెనుకబడిన పిల్లలకు తోడ్పాటు కొరకు ఈ సంవత్సరం మొదట సదరు గది తెరిచినారు. అందువలన ఇరవై రెండేళ్ళుగా లెక్కలు చెప్పుచున్న నాకు కలిగిన ఇబ్బందులు ఈ దిగువ వివరించడమైనది.

1. సదరు గది ఒకప్పుడు విరిగిన బల్లలు పడేసే కొట్టు. ఇప్పుడు చాప పరిచి, గోడకు రంగు వేసి, ఫ్యాను పెట్టినారు. మా తొమ్మిదో తరగతికి ఫ్యాను కావాలని నేను మూడుసార్లు అడిగినా పట్టించుకున్న నాథుడు లేడు.

2. వెనుకబడిన వారికే ప్రవేశమని నియమం. పోయిన పరీక్షలో మా మొదటి బెంచీ వాళ్ళు ముగ్గురు కావాలని తప్పులు రాసినారు. నిలదీయగా ఒక పిల్ల, "తక్కువొస్తేనే కదా సార్ అక్కడికి రానిచ్చేది" అన్నది. లెక్కల మాస్టారికి ఇంతకన్నా తలవంపులు ఏమున్నవి?

3. మేడం బల్ల మీద ఒక బిస్కెట్ డబ్బా ఉన్నది. అర్థం కానిది చీటీ మీద పేరు లేకుండా రాసి అందులో వేయాలట. ఆవిడ తీసి చదివి, అందరూ కలిసి తేల్చేదాకా వదలరట. నా తరగతిలో "అర్థమైందా?" అంటే నలభై మందీ "అయింది సార్" అంటారు. ఆ డబ్బా వచ్చాక ఆ మాట నమ్మబుద్ధి కావడం లేదు.

4. స్టాఫ్‌రూంలో నాది కడుపుమంట అనుకుంటున్నారు. సైన్సు టీచరు గారైతే మొహం మీదే అడిగారు, "ఏం మాస్టారూ, మూడో పీరియడంతా ఆ చేయూత గది కిటికీ పక్కనే ఉంటున్నారు, గాలి కోసమా?" అని. గాలికి కాదు, అయ్యా. కడుపుమంటే. లోపలి నుంచి పిల్లల నవ్వులు వినపడితే నాకు తిన్నది అరగదు.

5. మా అమ్మాయి నా తరగతిలోనే చదువుచున్నది. మార్కులు తగ్గినవని ఆమెను కూడా అక్కడికే పంపినారు. ఇదివరకు సాయంత్రం కాగానే పుస్తకం పట్టుకుని నా పక్కన చేరేది. ఇప్పుడు నెల రోజులుగా పిలిచినా రాదు. "అంతా అర్థమైంది నాన్నా" అంటుంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదని సరిపెట్టుకోవచ్చు గానీ, నేను పెన్సిళ్ళు చెక్కి పెట్టుకుని కూర్చుంటున్నాను.

కావున, పిల్లలను ఉపాధ్యాయులపై ఫిర్యాదులకు పురికొల్పుచున్నారనుటకు రుజువుగా, నిన్న భోజన విరామంలో ఆ డబ్బా నుండి నేను స్వయముగా తీసిన ఏడు చీటీలు జతపరచడమైనది. నా ఇరవై రెండేళ్ళ సుద్దముక్క మీద దయ ఉంచి, తగు చర్య గైకొనుటకు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
లెక్కల మాస్టారు

జత: చీటీలు ఏడు

తా.క.: అయ్యా, జతలో చీటీలు ఉండవు. కవరులో పెట్టబోతూ అప్పుడే చదివాను. ఆరింటిలో నా మీద ఒక్క మాట లేదు, అన్నీ లెక్కలే. ఏడోది ఇది:

"మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుంది? ఇంట్లో నాన్న 7 సార్లు చెప్పారు. అయినా తెలియలేదు. ఆయన ముఖం చిన్నబోతుంటే చూడలేక అర్థమైందని చెప్పాను."

అందులోని 7 అంకెకు నడుమ అడ్డగీత ఉంది. ఒకటిలా కనపడకూడదని చిన్నప్పుడు చెయ్యి పట్టి ఆ గీత పెట్టించింది నేనే.

అలా ఎందుకవుతుందో నిజానికి నాకూ తెలియదు. సూత్రమని నేర్చుకున్నాను, సూత్రమనే నేర్పాను. ఏడు చీటీలూ తిరిగి డబ్బాలో వేసేశాను. వాటితో పాటు నాదీ ఒకటి వేశాను, పేరు రాయలేదు.

మూయించమన్న మాట కొట్టివేయగలరు. మూడో పీరియడ్ నాకు ఖాళీ. లోపల చివర కూర్చుంటానని మేడంను అడగడానికి నాకు ముఖం చెల్లదు. తమరు ఒక్క ఉత్తర్వు ఇప్పిస్తే, పైవాళ్ళు పంపారని చెప్పుకుని వెళ్ళి కూర్చుంటాను. ఆ చీటీ తీసే రోజున నేను మా అమ్మాయితో పాటు అక్కడ ఉండాలి.