ముప్పై ఒక్క పళ్ల విభాగం

ఫిబ్రవరి 2, ఉదయం 6.30

ఎరువుల దుకాణం వాళ్లిచ్చిన డైరీ. జనవరి పేజీల్లో మా ఆవిడ అరుణకుమారి ముగ్గులు వేసుకుంది. ఫిబ్రవరి నుంచి నాది.

నేను రంగనాయకులు. గిద్దలూరు పక్కన ఊరు. గొర్రెలున్నాయి, రెండెకరాల మెట్ట ఉంది. కానీ నాలుగు మండలాల్లో నన్ను గుర్తుపట్టేది మైకు వల్ల. ఎడ్ల బండలాగుడు పోటీలకు కామెంటరీ చెబుతాను. ఇరవై రెండేళ్లుగా!

ఇప్పుడు చెప్పడం లేదు. పై వరసలో ముందు పన్ను లేదు.

కార్తీకంలో ఒక పోటీలో ముఖ్య అతిథికి సోడా మూత పళ్లతో తీసిచ్చాను. మూత వచ్చింది. పన్ను నిలువునా చీలింది. ఓపెనర్ నా జేబులోనే ఉంది.

వేరుతో సహా తీసేశారు. అప్పటినుంచి ‘స’ అంటే ఈల. ‘శభాష్’ అంటే రెండు ఈలలు. డిసెంబరులో శేషయ్య గిత్తలు నా ఈల విని, తోలేవాడు ఆగమంటున్నాడనుకుని గీతకు పదడుగుల ముందు నిలబడిపోయాయి. శేషయ్య ఆ రోజు నా మీదికి చెర్నాకోలా ఎత్తాడు.

మా పోటీల్లో విభాగాలన్నీ పళ్లను బట్టే. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు. ఆ రోజు కుర్ర కామెంటేటర్ పవన్ స్టేజీ మీదే అడిగాడు.

“మామా, నిన్ను యే విభాగంలో రాసుకోమంటావు? ముప్పై ఒక్క పళ్లా?”

జనం ఎంత నవ్వారో! మైకు ఇప్పుడు వాడి చేతిలో.

మార్చి 8న కురిచేడు దగ్గర పెద్ద పోటీ. కమిటీ వాళ్లు ఒకటే మాట చెప్పారు: “ఈల పోతే నువ్వు. పోకుంటే పవన్.”

రేపు మార్కాపురం వెళుతున్నాను. పన్ను కట్టించుకుంటాను. మైకు వెనక్కి తెచ్చుకుంటాను!

ఫిబ్రవరి 3, మధ్యాహ్నం 1.15

మార్కాపురం. డాక్టర్ ఝాన్సీ గారి క్లినిక్. బల్ల మీద కూర్చుని రాస్తున్నాను.

నన్ను నిలబెట్టి గడ్డం ఒక చోట ఆనించమన్నారు. యంత్రం నా తల చుట్టూ ప్రదక్షిణ చేసింది. నేనే దాని చుట్టూ తిరగాలేమో అని కదిలాను. తిట్టారు. మళ్లీ ప్రదక్షిణ.

తరవాత పెన్నులాంటి కెమెరా నోట్లో పెట్టి అటూ ఇటూ తిప్పారు. మా బావమరిది పళ్లకు కొలత తీసుకున్నప్పుడు నోటి నిండా పిండిముద్ద కూరారట, వాంతి చేసుకున్నాడు. నాకు పిండి లేదు, ముద్ద లేదు. నా పళ్లన్నీ టీవీలో రంగుల్లో కనిపించాయి. అరుణ దగ్గరికెళ్లి చూసింది.

“ఏందయ్యా, మూలల్లో ఆ పచ్చదనం? తోముతా ఉండావా లేదా?”

టెక్నాలజీతో ఇదొక ఇబ్బంది.

డాక్టర్ గారు దవడ ఎముకను స్క్రీన్ మీద దోసకాయ చెక్కలు కోసినట్టు కోసి చూపించారు.

“అన్నా, ఇక్కడ చూడండి. ఎముక ముందువైపు పల్చగా ఉంది. కంటి అంచనాతో స్క్రూ వేస్తే బయటికి పొడుచుకొచ్చే భయముంది. అందుకే ముందు కంప్యూటర్లో వేసి చూస్తాం. ఏ కోణంలో పోవాల, ఎంత లోతు పోవాల, అంతా అందులోనే తేల్చుకుంటాం.”

“కంప్యూటర్లో వేసేటప్పుడు నొప్పి పెడతదా మేడమ్?”

“పెడతది. కంప్యూటర్‌కి.”

మా మెట్టలో నాలుగు బోర్లు వేశాం. నీళ్లు చూసేవాడి అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడ్డ చోటల్లా వేశాం. నాలుగింట్లోనూ దుమ్మే. ఈవిడ నా నోట్లో ఒక్క బోరు వెయ్యడానికి ఇంత చూస్తోంది! భూమికి కూడా ఇలాంటి ప్రదక్షిణ యంత్రం ఉంటే ఎంత బాగుండు.

ఫిబ్రవరి 5

ఖర్చుకు మా అమ్మ పాపమ్మ తన పొట్టేలును అమ్మేసింది. దాని పేరు రాజు. నేను వద్దన్నాను. వినలేదు.

“పొట్టేలు మళ్లీ పుడతది. నీ నోరు లేకపోతే ఇంట్లో ఏం తోస్తది రా?”

కళ్లు తుడుచుకుంది. రాజు కోసమో, నా కోసమో అడగలేదు.

ఫిబ్రవరి 12, సాయంత్రం 4.40

అయిపోయింది!!

అద్దంలాంటి తొడుగు ఒకటి ప్రింటు చేసి ఉంచారు. పళ్ల మీద టక్కున కూర్చుంది. దానికొక రంధ్రం. డ్రిల్లు ఆ రంధ్రంలోంచే పోవాలి, పక్కకు పోదామన్నా పోదు. బండ లాగే గిత్తలకు ఇలాంటిది ఒకటి ఉండాలి.

మత్తు సూది తప్ప నొప్పి తెలియలేదు. ఇరవై నిమిషాలు. కుట్లు కూడా లేవు. స్క్రూ గట్టిగా పట్టిందని తాత్కాలికంగా ఒక పన్ను కూడా బిగించారు. నిన్ననే కంప్యూటర్లో గీసి తయారు చేశారట.

అద్దంలో చూసుకున్నాను. “సెకండ్లు” అన్నాను. ఈల లేదు! “శభాష్!” లేదు! “ఆరు పళ్ల విభాగం, శేషయ్య గారి గిత్తలు, సిద్ధం!” క్లినిక్ అంతా తిరిగి చూసింది.

డాక్టర్ గారు వేలు చూపించారు.

“ఈ పన్ను చూపుకి, మాటకి. కొరకడానికి కాదు. కింది పళ్లకు తగలకుండా గీసినా. ఎముక స్క్రూని పట్టుకోవాలంటే తొంభై రోజులు. అప్పటిదాకా ముందు పళ్లతో ఏదీ కొరకొద్దు. ఏదీ అంటే ఏదీ.”

“తొంభై ఏంది మేడమ్, నూటతొంభై అయినా సరే!”

ప్రతిజ్ఞ:
1. మెత్తటి తిండి.
2. నోరు పనిముట్టు కాదు. మూతలు, దారాలు, ప్యాకెట్లు బంద్.
3. రోజూ డైరీ.

ఫిబ్రవరి 13. మొదటి రోజు

పొద్దున జావ. మధ్యాహ్నం పెరుగన్నం. సాయంత్రం జావ.

ఎంత తేలిక! జనం ఊరికే బండరాళ్లలాంటివి తిని కడుపు పాడుచేసుకుంటారు.

అమ్మ అడిగింది: “రాజుగాడు ఎట్ల ఉండాడు?”

కొత్త పన్నుకు పొట్టేలు పేరు పెట్టేసింది.

ఫిబ్రవరి 15. మూడో రోజు

జావ. పెరుగన్నం. జావ. పరవాలేదు.

అమ్మకు నాలుగు పళ్లున్నాయి. ఆమె కోసం మెదిపిన పప్పన్నం నేను తిన్నానని గొడవ.

“ముసల్దాని ముద్ద కూడా తినబడితివే! నువ్వు కొడుకువా, ఇంకో ముసలోడివా?”

ఫిబ్రవరి 18. ఆరో రోజు

ఇంట్లో శనక్కాయలు వేయించారు. వాసన ఊరంతా. నేను జావ.

ఫిబ్రవరి 20, మధ్యాహ్నం 12.10

షాంపూ ప్యాకెట్ పళ్లతో చించాను. కానీ పక్క పళ్లతో. డాక్టర్ గారు చెప్పింది ముందు పళ్ల గురించి. ప్రతిజ్ఞ తప్పలేదు. అసలు రెండో నిబంధన నేను అదనంగా పెట్టుకున్నది. నాదే, నేనే సడలించుకోవచ్చు.

ఫిబ్రవరి 23. పదకొండో రోజు

జొన్నరొట్టె. కొరకలేదు. తుంచి, దవడ పళ్ల దగ్గర పెట్టి నమిలాను. కొరకడం వేరు, నమలడం వేరు. చదువుకున్నవాళ్లకు ఈ తేడా తెలుస్తుంది.

ఫిబ్రవరి 26

శివరాత్రికి శ్రీశైలం వెళ్లే బంధువులను ఎక్కించడానికి దోర్నాల దాకా వెళ్లాను. వాళ్లు ఉపవాసం. నేను జావ మీద బతుకుతున్నాను కాబట్టి నాదీ ఒక రకంగా ఉపవాసమే. పుణ్యం సమానం.

ఫిబ్రవరి 28, మధ్యాహ్నం 2.00

మళ్లీ దోర్నాల. బంధువులను తీసుకురావడానికి. రోడ్డు పక్క హోటల్లో మటన్. మూలుగ బొక్క వచ్చింది. అడగలేదు, అదే వచ్చింది! పీల్చాను. పీల్చడం కొరకడం కాదు. చివర్లో కొంచెం అంచు విరిచాను. దేంతో విరిచానో గుర్తు లేదు.

అరుణకు చెప్పలేదు. పక్క బల్ల దగ్గరినుంచి ఆమె చూసింది.

“డాక్టరమ్మకి ఫోన్ చేస్తా.”

“చెయ్. పన్ను గట్టిగా ఉందని చెప్పు.”

మార్చి 4. ఇరవయ్యో రోజు

పన్ను చాలా గట్టిగా ఉంది. ఇంత గట్టి పన్నుకు తొంభై రోజులు ఎందుకో. అది మామూలు మనుషుల లెక్కేమో. మాది గొర్రెల పాలు తాగిన ఎముక.

చక్కిలాలు: రెండు. (చిన్నవి.)

మార్చి 7

కమిటీ ముందు పరీక్ష. ‘స’లన్నీ పలికి చూపించాను. మైకు నాదే!! పవన్ పక్కన స్కోరు రాస్తాడు. వాడి మొహం చూడాల్సింది. కొంచెం జాలి కూడా వేసింది.

మార్చి 8, సాయంత్రం 6.00

అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దుటినుంచి గొంతు అద్భుతంగా పలికింది. జనం ఈలలు వేశారు, నేను వెయ్యలేదు. చివరి జత శేషయ్యవి. ఆరు పళ్ల విభాగం. గిత్తలు బండను కదిలించగానే ఎవరి కాలో తగిలి మైకు వైరు తెగింది. చప్పుడు బంద్. మైకు సెట్టు వాళ్లు టీకి పోయారు. వేల మంది నా వైపే చూస్తున్నారు.

వైరు పైతొడుగు తియ్యాలి. బ్లేడు లేదు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

పళ్లతో లాగాను. ముందు పళ్లతో.

టప్పుమంది. వైరు తొడుగు ఊడింది. పన్ను ఎగిరిపోయింది.

రెండు కొసలూ మెలిపెట్టాను. మైకు పలికింది. ఇప్పుడేం చెయ్యాలి? నోరు తెరిచి ‘స’ అంటే ఈల. మైకులో ఈల వినిపిస్తే గిత్తలు ఆగుతాయి. గిత్తలు ఆగితే శేషయ్య ఆగడు.

కాబట్టి ‘స’ లేకుండా చెప్పాను. ‘శ’, ‘ష’ కూడా లేకుండా.

“అదిగో గిత్తలు! బండ కదిలింది! మొదటి రౌండు! భళా తమ్ముడూ, తోలు!”

బాగానే పోతోంది. అంతలో టైము చెప్పాల్సి వచ్చింది. నిమిషాల్లో ‘ష’ ఉంది. సెకండ్లలో ‘స’ ఉంది. సమయంలోనూ ఉంది! తెలుగులో గడియారమంతా ఈలలే అని ఇరవై రెండేళ్లలో మొదటిసారి తెలిసింది.

“గడియారంలో పెద్దముల్లు ఇంకా మూడు గీతలు తిరగాలి!”

జనం కొత్తగా ఉందని చప్పట్లు కొట్టారు. గిత్తలు ఆగలేదు. గీత దాటాయి. మొదటి బహుమతి! యజమాని పేరు చదవాలి. శేషయ్య. మూడక్షరాలు, రెండీలలు.

“మన గిద్దలూరు పెద్దాయన! మీ అందరికీ తెలిన వ్యక్తి!”

‘తెలిసిన’లో ‘స’ ఉందని సగంలో గుర్తొచ్చింది.

శేషయ్య స్టేజీ ఎక్కాడు. “గెలిచినోడి పేరు చెప్పవేందిరా? నా మీద నీకేం పగ?”

పెదాలు మూసుకుని నవ్వాను. నా పక్కన స్కోరు రాస్తున్న పవన్ లేచి మైకు అందుకున్నాడు.

“శేషయ్య పెదనాయన పేరు మనమంతా కలిసి చెప్పాలని మామ నాకు ఇడిసిపెట్టినాడు! చెప్పండి గట్టిగా, శేషయ్య గారికీ…”

జై కొట్టారు. శేషయ్య కరిగిపోయాడు.

స్టేజీ దిగాక పవన్ జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. లోపల నా పన్ను. దుమ్ములోంచి ఏరి ఉంచాడు.

“మామా, నీ నోట్లో ఇయ్యాల మూడక్షరాలు తక్కువైనాయి. నేనొక్కన్నే కనిపెట్టినా. ఎవురికీ చెప్పనులే. అట్ల నేనైతే ఒక్క నిమిషం కూడా నెట్టలేను.”

వాడిని ఇన్నాళ్లూ తిట్టుకున్నాను. సిగ్గేసింది.

మార్చి 9, ఉదయం 11.20

మార్కాపురం. డాక్టర్ గారు నన్ను నేరుగా యంత్రం దగ్గరికి పంపారు.

మళ్లీ ప్రదక్షిణ. ఈసారి కదల్లేదు. పాత బొమ్మ మీద కొత్త బొమ్మ పెట్టి చూశారు. చాలాసేపు చూశారు. అరుణ నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా. గిల్లడం కూడా కావచ్చు.

“స్క్రూ కదల్లా. అదృష్టవంతులు.”

పాత పన్ను ఫైలు కంప్యూటర్లో భద్రంగా ఉందట. మళ్లీ కొలతలు అక్కర్లేదు. రెండు గంటల్లో అచ్చం అదే పన్ను!

“అయితే మేడమ్, విరిగినప్పుడల్లా ఇంకొకటి తీసుకోవచ్చా?”

అనకూడని మాట. అప్పుడు తిరిగారు నా వైపు.

“అన్నా, పన్ను ఎన్నిసార్లయినా చేసిస్తా. దాని ఫైలు నా దగ్గర ఉంది. మీ ఎముకది ఫొటోనే ఉంది. అది పోతే ఎక్కడినుంచి తెమ్మంటారు?”

డైరీ తీసి, పక్క పళ్ల వాదన రాసిన పేజీ అడ్డంగా కొట్టేశాను.

లెక్క మళ్లీ మొదటినుంచి. తొంభై.

మార్చి 10, ఉదయం 6.30. మొదటి రోజు

కొత్త పేజీ. కొత్త ప్రతిజ్ఞ. ఈసారి షరతులు, మినహాయింపులు, పక్క పళ్ల వాదనలు లేవు. ఒకటే నిబంధన: తిండి తప్ప ఇంకేదీ నా పళ్ల మధ్యకు రాదు. ఆ తిండి కూడా మెత్తనిది.

అరుణ సాక్షి సంతకం చేసింది. అమ్మ వేలిముద్ర వేసింది. గుండె నిబ్బరంగా ఉంది. ఇంత గట్టిగా నేనెప్పుడూ అనుకోలేదు. ఈసారి ఖాయం!

6.42

అరుణ నా మొహంలోకి అదేపనిగా చూస్తోంది. ఏమిటని అడుగుదామంటే మాట రాలేదు. పెన్ను మూత నా ముందు పళ్ల మధ్య ఉంది. రాయడం మొదలుపెట్టినప్పటినుంచీ అక్కడే ఉన్నట్టుంది.

మొదటి రోజు: మార్చి 11.