పదకొండు బిళ్ళలు

ఫిబ్రవరి 3
సిగరెట్ల కంపెనీకి వందేళ్ళు నిండుతున్నాయి. చరిత్ర రాసే పని నాకిచ్చారు. పాత ఫ్యాక్టరీలో మేడమీద గది, ఒక బల్ల, ఆరు బీరువాల నిండా రికార్డులు. ఫోటోలు ఎక్కువ, గొడవలు తక్కువ ఉండాలని మేనేజర్ నవ్వుతూనే చెప్పాడు.

అమ్మ మాత్రం మొహం గంటు పెట్టుకుంది. పెద్దమ్మ పనిచేసింది అక్కడే. పద్దెనిమిదేళ్ళప్పుడు ఒక సాయంత్రం ఇంటికి రాలేదు. ఎవరో మేస్త్రీతో వెళ్ళిపోయిందని కంపెనీ మనిషి వచ్చి చెప్పాడట. తాతయ్య మళ్ళీ ఆమె పేరెత్తనివ్వలేదు. అప్పుడు అమ్మకి తొమ్మిదేళ్ళు. ఇప్పుడు అరవై ఏడు. కోపం మాత్రం ఇంకా తొమ్మిదేళ్ళదే.

ఫిబ్రవరి 6
నా దిండుకి కూడా పొగాకు వాసన పట్టింది.

ఫిబ్రవరి 11, ఉదయం పదకొండు
ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఆకుల ఈనెలు తీసే హాలు ఒకటి ఉండేది. యాభై ఎనిమిదేళ్ళ కిందట అది కాలిపోయింది. రికార్డులో ఒక్క లైను: ప్రాణనష్టం లేదు.

హాజరు పుస్తకం తీశాను. అందులో పేర్లుండవు, నంబర్లే. ప్రమాదం తర్వాత నెల రోజులు హాలుకి కప్పే లేదు, ఎవరూ పనిలోకి రాలేదు. పదకొండు నంబర్లకి మాత్రం రోజూ హాజరు పడింది. ఆదివారాలు కూడా. ఆరేళ్ళు. ఒక్క సెలవు లేదు, ఒక్క జ్వరం లేదు. ఇంత బుద్ధిగా పనిచేసేవాళ్ళు ఏ దేశంలో ఉంటారని మొదట నవ్వొచ్చింది. నాలుగో ఏడాది పేజీలు తిప్పేసరికి నవ్వు పోయింది.

రాత అంతా ఒకే చేతిది.

ఫిబ్రవరి 14
ఆ చెయ్యి దొరికింది. అప్పటి టైమ్‌కీపర్, ఎనభై మూడేళ్ళు, కూతురి దగ్గర ఉంటున్నాడు. నేను పుస్తకం తెరవగానే కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. చూడాల్సిన అవసరం లేదన్నాడు.

ఆకు రొంటిన దోపుకుని పట్టుకెళ్తున్నారని హాలు తలుపుకి బయట గడియ పెట్టమని పైనుంచి ఆర్డరట. పెట్టింది ఈయనే. పొగ చూసి పరిగెత్తేసరికి గడియ ఎర్రగా కాలిపోయి ఉందట. పదకొండు మంది. పదకొండు ఇళ్ళకీ మనుషుల్ని పంపి, మీ పిల్ల ఎవరితోనో పోయిందని చెప్పించారు. పరువు పోతుందని ఏ ఇల్లూ పక్కింటితో మాట్లాడలేదు.

మరి హాజరు ఎందుకు వేశారని అడిగాను.

వచ్చారు కాబట్టి వేశానమ్మా అన్నాడు.

పనివాళ్ళు లోపలికి వెళ్ళేటప్పుడు బోర్డు మీంచి ఎవరి నంబరున్న ఇత్తడి బిళ్ళ వాళ్ళు తీసుకుని, సాయంత్రం మళ్ళీ తగిలించాలి. ప్రమాదం మర్నాడు పొద్దున ఈయన గేటు తాళం తీసేసరికే ఆ పదకొండు కొక్కేలు ఖాళీ. సాయంత్రం సైరన్ మోగగానే బిళ్ళలన్నీ తిరిగి ఉన్నాయి. ముట్టుకుంటే వెచ్చగా ఉండేవట, ఇప్పుడే ఎవరో అరచేతిలోంచి వదిలినట్టు. హాలు పడగొట్టేదాకా రోజూ ఇంతే. భయం వెయ్యలేదా అంటే, వేసింది గానీ హాజరు వెయ్యకపోతే వాళ్ళని మళ్ళీ లోపలే వదిలేసినట్టుండేది అన్నాడు. పేర్లూ ఇళ్ళూ అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పాడు.

అందులో పెద్దమ్మ ఉంది. నంబరు నలభై ఏడు.

ఫిబ్రవరి 15
అమ్మకి చెప్పాను. వింటూ కూరగాయలు తరుగుతూనే ఉంది. అయిపోయాక కూడా ఖాళీ పీట మీద కత్తి ఆడిస్తూనే ఉంది.

ఫిబ్రవరి 17, మధ్యాహ్నం
అమ్మ ఫ్యాక్టరీకి వచ్చింది. హాలు ఉన్నచోట ఇప్పుడు ఖాళీ అట్టపెట్టెల గోడౌన్. నడిమధ్యన నిలబడి ఒక్కసారిగా తిట్ల దండకం ఎత్తుకుంది. మాటైనా చెప్పకుండా పోయావనుకున్నానే, ఇన్నేళ్ళూ నోటికొచ్చినట్టు తిట్టానే, ఒక్కసారి కల్లోకైనా వచ్చి చెప్పొచ్చు కదే అక్కా! గోడకి అవతల మెషీన్లు ఆగిపోయాయి. కరెంటు పోయిందని తర్వాత చెప్పారు.

అమ్మ ముక్కు తుడుచుకుని, సరే పద, ఇంటికి పోదాం అంది. నేను ముందు బయటికి వచ్చాను. అమ్మ తలుపు అలాగే పట్టుకుని నిలబడింది. చాలాసేపు. పదకొండు మంది దాటేంతసేపు.

ఫిబ్రవరి 20
మేనేజర్ ఆ చాప్టర్ తీసెయ్యమన్నాడు. చాప్టర్ తీస్తే నా పేరు కూడా తియ్యండన్నాను. పుస్తకం వేరేవాళ్ళకి ఇచ్చారు. పీడా పోయింది. మిగతా పది ఇళ్ళకి నేనే వెళ్ళి చెబుతాను. అమ్మ వస్తానంది, మోకాళ్ళు సహకరించవు, వద్దన్నాను.

మార్చి 2
మొదటి ఇల్లు. చెల్లెలి కోసం ఇన్నేళ్ళూ ఆ ఇల్లు మారకుండా ఉన్న అన్నయ్యట. తలుపు తీశాడు. నేను నోరు తెరవకముందే, ఎండలో నిలబడ్డారేంటమ్మా, ఇద్దరూ లోపలికి రండి అన్నాడు.

ఒక్కదాన్నే వెళ్ళాను.

పక్కకి జరిగి దారిచ్చాను.