ముందు గది కోసం ఒక ప్రార్థన

రెజిమెంటల్ బజార్, సికింద్రాబాదు
8 నవంబరు 1948

కోపం తెప్పించినా నాకు ప్రేమ తగ్గని డోరక్కకు,

మన ముందు గదిలో అద్దెకున్న జ్ఞానశేఖర్ ఎదురైతే నేను పక్కకు తప్పుకుంటున్నానని అమ్మ రాస్తే, దాన్ని సిగ్గనుకున్నావా? "పైకి బెట్టు, లోపల ఇష్టం" అని రాయడానికి నీకు చేతులెలా వచ్చాయి? చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే బడి ఎగ్గొట్టే నాటకమన్నదీ నువ్వే.

ఆయన జూన్‌లో వచ్చాడు. తన ఊరి పాస్టరుగారి ఉత్తరం చూపించి, గుమ్మంలోనే ఒక కీర్తన అందుకున్నాడు. అమ్మ ఇంకేమీ అడగలేదు. సెప్టెంబరులో పోలీసు చర్య జరిగిన వారం, వీధి వీధంతా తలుపులు బిగించుకున్నప్పుడు, ఇంట్లో మగదిక్కుందని అమ్మ ధైర్యంగా నిద్రపోయింది. అది నేను కాదనను. గొడవ సద్దుమణిగింది గానీ మగదిక్కు మాత్రం సద్దుమణగలేదు. గది చాలక వరండా, వరండా చాలక భోజనాల బల్ల దగ్గర నాన్న కుర్చీ. నాన్న పోయాక అందులో మనమెవరమైనా కూర్చున్నామా? ఇప్పుడు సాయంత్రం కుటుంబ ప్రార్థన కూడా ఆయనదే.

మనవాళ్ల సంగతి తెలుసుగా, మొహాన అనలేనిది ప్రభువుకు చెబుతున్నట్టు అందరికీ వినిపిస్తారు. "ప్రభువా, ఈ ఇంటి చిన్న కుమార్తెకు చదువు తెచ్చిన గర్వమును అణచుము. గుమ్మం దాటవలెనను తహతహను తీసివేయుము" అంటాడు రోజూ. అమ్మ నిండు మనసుతో ఆమెన్ అంటుంది. దేవుడితో మాట్లాడుతున్న మనిషిని మధ్యలో ఆపేదెలా? తల దించుకుని కూర్చుంటున్నాను. అదీ నా సిగ్గు.

బొల్లారం ఆడపిల్లల బడిలో టీచరు పనికి దరఖాస్తు పెట్టి నెల దాటింది. జవాబు లేదు. అదొస్తే నాకు ఊపిరాడుతుంది.

నీ చెల్లెలు,
ఎమిలీ


16 నవంబరు 1948

అక్కా,

జవాబు ఎప్పుడో వచ్చింది. మన వీధికి ఉత్తరాలు తెచ్చే చాంద్‌పాషాని శుక్రవారం పొద్దున మలుపులో ఆపి అడిగాను. "పది రోజులాయె ఇచ్చి. ముందు కమ్రా సాబ్ కిటికీలకెల్లి చెయ్యి చాపిండు, ఇచ్చిన. మీ ఇంటి ఉత్తరాలన్నీ గాయనకే ఇస్తున్న గదమ్మా" అన్నాడు. నా మొహం చూసి పాపం తనే పరేషానయ్యాడు.

తిన్నగా బొల్లారం వెళ్లాను. హెడ్‌మిస్ట్రెస్ ఒక కాగితం చూపించింది. ఎమిలీకి పెళ్లి కుదిరింది గనుక ఉద్యోగంలో చేరదని, కుటుంబం తరఫున, జ్ఞానశేఖర్ చేతిరాతలో. పెళ్లి ఎవరితోనో రాయలేదు. రాయనక్కర్లేదు. ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉందట.

ఆ సాయంత్రం ఆయన గొంతు సవరించుకుంటుంటే, ఈరోజు ప్రార్థన నేను చేస్తానన్నాను. అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి, నేను మారాననుకుంది. కళ్లు మూసుకున్నాను.

"ప్రభువా, నాకు వచ్చిన ఉత్తరం దాచి, నాకు పెళ్లి కుదిరిందని బొల్లారం బడికి రాసిన జ్ఞానశేఖర్ గారిని క్షమించుము. రేపు వీరు మా ముందు గది ఖాళీ చేయుచున్నారు. వీరికి దూరముగా ఒక మంచి గది చూపించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ."

ఎవరూ ఆమెన్ అనలేదు. అది అనకుండా మన ఇంట్లో ఎవరూ కళ్లు తెరవరు కదా, అలాగే కూర్చున్నాం. చివరికి అమ్మ గొంతు.

"బాబూ, ఆ ఉత్తరం సంగతి నిజమేనా?"

"అమ్మాయి మంచికేనండీ అమ్మగారూ. ఈ రోజుల్లో ఒంటరిగా అంత దూరం..."

"ఆమెన్" అంది అమ్మ.

శనివారం భోజనాల వేళకు ముందే ఆయన ట్రంకుపెట్టె రిక్షా ఎక్కింది. అమ్మ నాన్న కుర్చీని తడిబట్టతో రెండుసార్లు తుడిచింది. నేను తలంటుకుని, జుట్టు విరబోసుకుని, వరండాలో కాళ్లు చాపుకుని శేరు వేరుశెనక్కాయలు ఒలుచుకు తిన్నాను. అయిదు నెలలయింది అక్కడ అలా కూర్చుని.

మన చర్చి పాస్టరు ఏసురత్నం గారు ఇంకో మంచి కుర్రాణ్ణి చూసిపెడతానన్నారట. నువ్వు కూడా అమ్మకు అదే రాస్తావని తెలుసు. రాయకు. ముందు గదిలోకి నా మంచం, పుస్తకాలు మార్చేశాను. ఉత్తరాలు ఇకనుంచి ఆ కిటికీలో నేనే అందుకుంటాను. సోమవారం నుంచి బొల్లారం బడికి వెళ్తున్నాను.

ఎమిలీ